దగ్గితే భయమా?

బోధన్‌ పల్లెల్లో పొద్దంతా బీడీలు చుట్టే అక్కలు, చెరకు మోపులెత్తే అమ్మలు ఈ సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పరు. దగ్గినా, బరువెత్తినా మూత్రం చుక్కలుగా పడుతుంది. ‘కాన్పులయ్యాక మామూలే’ అని సరిపెట్టుకుంటారు. ఎందుకు సరిపెట్టుకోవాలి? సడలిన కటి కండరాలకు బలమొస్తే చాలామందిలో తగ్గుతుంది. 1948లో అమెరికా డాక్టర్‌ ఆర్నాల్డ్‌ కెగెల్‌ చెప్పిన వ్యాయామానికి పైసా ఖర్చు లేదు. గ్యాసు పోకుండా ఆపుకున్నట్టు కండరాన్ని లోపలికి బిగించి, 5 లెక్కపెట్టి వదలాలి. ఊపిరి బిగపట్టొద్దు. పూటకు 10 సార్లు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు. బీడీలు చుడుతూనే చేయొచ్చు, పక్కవాళ్లకు తెలియనే తెలియదు! పనికెళ్తూ నీళ్లు తాగడం మానేస్తారే, అది మాత్రం తప్పు. చిక్కబడ్డ మూత్రం ఇంకా ఇబ్బంది పెడుతుంది. మంట, రక్తం ఉంటే వెంటనే డాక్టరుకు చూపించుకోండి.