పదిహేను గజాల ఉచిత జాగా

జనవరి వచ్చిందంటే నాంపల్లిలో బండి పెట్టే జాగా దొరకదు. అయినా నుమాయిష్‌కు వచ్చే జనం ఆగరు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారిన ఆ ప్రదర్శన ఏటా నెలన్నర పాటు లక్షల మందిని రప్పించుకుంటోంది. ఆ రోజుల్లో సాయంత్రమైతే మొజంజాహీ మార్కెట్ దగ్గర బస్సులను అబిడ్స్ వైపు మళ్లిస్తారు. కాస్త ఖాళీ జాగా ఉన్నవాళ్లు గేటు తీసి, తేదీ లేని చీటీ ఒకటి చింపి చేతిలో పెట్టి, నోటికొచ్చిన రేటు చెబుతారు. ఇన్ని తిప్పలున్నా గాంధీభవన్ మెట్రో స్టేషన్ మెట్ల మీద చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లుల దగ్గర్నుంచి చేతికర్ర పట్టిన తాతల దాకా దిగుతూనే ఉంటారు. టికెట్ కొని మరీ లోపలికి వెళ్తారు. కాళ్లు పీకేదాకా తిరుగుతారు.

అక్కడికి దగ్గరలోనే ఉన్న అబిడ్స్‌లో గల్లా పెట్టె ముందు కూర్చున్న ఏ సేఠ్‌ను కదిపినా ఒకటే మాట: పార్కింగ్ లేక గిరాకీ పోయింది. గిరాకీ తగ్గిన మాట నిజమే. అది పార్కింగ్ లేకనే తగ్గిందనడంలో మాత్రం సగమే నిజం. ఆ సగం నిజాన్ని పట్టుకుని మరిన్ని కార్లకు చోటు వెతుకుతూ పోతే అబిడ్స్ ఇంకా చితికిపోతుందని ఈ పత్రిక నమ్మకం. రోడ్డు పక్క ఉచిత పార్కింగ్‌ను ఎత్తేయాలి. నిలిపిన ప్రతి బండికీ గంటల లెక్కన రుసుము వేయాలి. ఆ డబ్బు ఆ వీధుల్లోనే, నడిచేవాళ్ల కోసం ఖర్చు పెట్టాలి. వ్యాపారులకు ఇది మింగుడుపడదని తెలుసు. అయినా ముందుగా బాగుపడేది వాళ్లే.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయినా ఆయన పేరు పేటకు నిలిచింది. తరవాతి కాలంలో చీరకు, చెప్పులకు, గడియారానికి, పెళ్లి సూటుకు జంటనగరాల వాళ్లంతా ఇక్కడికే వచ్చేవారు. ప్యాలెస్‌లోనో జమ్రుద్‌లోనో సినిమా చూసి, తాజ్‌మహల్ హోటల్లో భోంచేసి ఇంటికి వెళ్లడం ఒక తరం హైదరాబాదీలకు పండగ. ఆ టాకీసులు పోయాయి. ఊరు పడమటికి జరిగింది. కూకట్‌పల్లి వాళ్లకు కూకట్‌పల్లిలో, కొత్తపేట వాళ్లకు కొత్తపేటలో అవే బ్రాండ్ల చొక్కాలు దొరుకుతున్నాయి. అబిడ్స్‌లో ఇంకో రెండు వేల కార్లకు చోటు కట్టినా కొండాపూర్ నుంచి ఓ చొక్కా కోసం ఎవరూ దిగిరారు. ఇక్కడే దొరికేది ఏదైనా ఉంటే వస్తారు. అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. 1928 నాటి దక్కన్ పెన్ స్టోర్స్‌కు ఇంకుపెన్ను ప్రియులు వెతుక్కుంటూ వస్తారు. జగదీశ్ మార్కెట్‌లో అరచేతిలో ఫోను విప్పి బాగుచేసే కుర్రాళ్ల కోసం వస్తారు. ఇల్లు కట్టుకునేవాళ్లు స్విచ్చులకు, కుళాయిలకు ట్రూప్ బజార్ చుట్టూ తిరుగుతారు. ఆదివారం ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల కోసం విద్యార్థులూ రిటైరైన మాస్టార్లూ వస్తారు. వీళ్లలో ఎక్కువమంది బస్సులోనో మెట్రోలోనో టూవీలర్ మీదో వచ్చేవాళ్లే.

ఉన్న కాస్త జాగానూ వాడుకుంటున్నది ఎవరు? షట్టర్లు లేచే వేళకు పెద్ద పోస్టాఫీసు (జీపీఓ) పరిసరాల్లో ఒక గంట నిలబడితే తెలిసిపోతుంది. ముందు యజమాని కారు వచ్చి దుకాణం ఎదురుగా ఆగుతుంది. దాని పక్కన సేల్స్ కుర్రాళ్ల బైకులు, ఆ వెనక పై అంతస్తు ఆఫీసుల వాళ్లవి, హ్యాండిల్ లాక్ వేసి రెండు వరుసల్లో. కొన్నింటికి ఎండ తగలకుండా కవరు కప్పుతారు. అవి కదిలేది మళ్లీ షట్టరు దించాకే. గిరాకీ వచ్చే సాయంత్రం ఐదింటికి ఆ వరుసలో చీమ దూరే సందు ఉండదు. కొనడానికి వచ్చినవాడు నెహ్రూ విగ్రహం చుట్టూ రెండు చక్కర్లు కొట్టి, వెనక హారన్ల మోత పడలేక ఇంటిదారి పడతాడు. పార్కింగ్ లేదని మొత్తుకునే చేతులే పొద్దంతా ఆ పార్కింగ్‌ను అట్టిపెట్టుకుంటున్నాయి. అందరూ ఇలాగే ఉన్నారని అనడం లేదు. ఏదో ఒక వీధిలో వారం రోజుల పాటు ఉదయం పదకొండింటికీ సాయంత్రం ఐదింటికీ బండ్ల నంబర్లు రాసి పోల్చి చూడండి. ట్రాఫిక్ విభాగంలో ఇది ఇద్దరు కానిస్టేబుళ్ల పని. అబిడ్స్ మీద ఏ కొత్త ప్లాను గీయాలన్నా ఆ కాగితం ముందు టేబుల్ మీద ఉండాలి.

కారు ఒకటి నిలవడానికి సుమారు 15 చదరపు గజాలు కావాలి. అబిడ్స్ మెయిన్‌రోడ్డు మీద 15 గజాల మడిగె కిరాయికి అడిగి చూడండి, రేటు విని నోరెళ్లబెట్టాల్సిందే. అదే 15 గజాలు రోడ్డు అంచున కారుకైతే రోజంతా ఉచితం. చెప్పులు కుట్టే మనిషి అందులో ఒక్క గజంలో గొడుగు పాతుకుంటే మాత్రం ఆక్రమణ! పార్కింగ్ రుసుము ఆ నేల విలువకు తగ్గట్టు ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ఇన్నేళ్లయినా మన నడిబజార్లలో ఆ మాటను పట్టించుకున్న దాఖలా లేదు.

ప్రపంచానికి ఇది కొత్త సంగతి కాదు. రోడ్డు అంచున ఎప్పుడూ ఒకటి రెండు బండ్ల చోటు ఖాళీగా ఉండేలా రేటు పెట్టాలని, వచ్చిన డబ్బు ఆ వీధికే ఖర్చు చేయాలని అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ ఏళ్ల తరబడి వాదించారు. కాలిఫోర్నియాలోని పాసడీనా పాత బజారు ఆయనకు ఇష్టమైన ఉదాహరణ. 1993లో అక్కడ మీటర్లు పెట్టబోతే వ్యాపారులు గొడవ చేశారు. మీటరు డబ్బు మీ వీధి దీపాలకు, మీ కాలిబాటలకే పెడతామని నగరం మాటిచ్చాక ఒప్పుకున్నారు. పాడుబడిన ఆ బజారు తిరిగి కళకళలాడింది. పాసడీనా వేరు, నాంపల్లి వేరు, నిజమే. కానీ తన డబ్బు తన గుమ్మం ముందే ఖర్చవుతోందని కళ్లతో చూస్తే ఒప్పుకోని వ్యాపారి ఎక్కడైనా అరుదు.

మన దగ్గర మాత్రం మందు ఎప్పుడూ సిమెంటు రూపంలోనే వస్తుంది. నాంపల్లి మెట్రో స్టేషన్ పక్కన అరెకరం స్థలంలో 15 అంతస్తుల యాంత్రిక పార్కింగ్ భవనం తలపెట్టారు. పది అంతస్తులు బండ్లకు, అయిదు వాణిజ్యానికి, వాటితోపాటు రెండు సినిమా తెరలు. కారును కింద పళ్లెం మీద వదిలి కార్డు తీసుకుంటే యంత్రమే దాన్ని పైకి మోసుకెళ్లి సర్దిపెడుతుంది. చూడముచ్చటైన ఏర్పాటే. ఏళ్ల తరబడి సాగిన ఈ నిర్మాణంలో పట్టేవి సుమారు 250 కార్లు, 200 టూవీలర్లు. మూడు బోగీల మెట్రో రైలు ఒక్కటి నిండుగా వస్తే అందులో దాదాపు వెయ్యి మంది ఉంటారు. పైగా ఆ అయిదు వాణిజ్య అంతస్తులకూ, రెండు తెరలకూ వచ్చే బండ్లు ఎక్కడ ఆగుతాయి? అదే భవనంలో! ఆ భవనం వద్దని మేం అనడం లేదు. బయట రోడ్డు మీద ఊరికే పెట్టుకునే వీలున్నంత కాలం డబ్బిచ్చి లోపల ఎవడు పెడతాడన్నదే మా ప్రశ్న. బయట ఉచితం పోకపోతే ఆ యంత్రం బొమ్మలా నిలబడిపోతుంది.

కట్టకుండానే దొరికే పార్కింగ్ ఇంకొకటి ఉంది: సెల్లార్లు. ప్లానులో పార్కింగ్ అని చూపి అనుమతి తెచ్చుకున్న సెల్లార్లు ఈ పేటల్లో గోదాములయ్యాయి, జిరాక్సు షాపులయ్యాయి. అక్కడ ఉండాల్సిన బండ్లే రోడ్డెక్కాయి. ఇది ట్రాఫిక్‌తో ఆగే సమస్య కాదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంటు కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయన డ్రమ్ములకు నిప్పంటుకుని పై అంతస్తుల్లోని తొమ్మిది మంది చనిపోయారు. ఆ వారమంతా తనిఖీల హడావుడి. ఇప్పుడు మళ్లీ ఏ కాంప్లెక్స్ ర్యాంపు దిగి చూసినా అట్టపెట్టెలే. జీహెచ్‌ఎంసీ టౌన్‌ప్లానింగ్ సిబ్బంది ఏ భవనంలో ఎన్ని బండ్లకు అనుమతి ఇచ్చిందీ, ఇప్పుడక్కడ ఏముందీ జాబితా వేసి బయటపెట్టాలి. దీనికి టెండర్లు అక్కర్లేదు.

ఇక నడక. నాంపల్లి మెట్రో నుంచి అబిడ్స్ జీపీఓకు కిలోమీటరు అటూఇటూ. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పావుగంట. కానీ స్టేషన్ రోడ్డులో ఆ పావుగంట నడిచి చూడండి. ఫుట్‌పాత్ మీద నాలుగడుగులు వేయగానే ట్రాన్స్‌ఫార్మర్ కంచె. కిందికి దిగి చుట్టూ తిరిగి ఎక్కితే లాడ్జీ ముందు బైకుల వరుస. మళ్లీ దిగితే రోడ్డు అంచున ఆటోలు. అంటే మూడో వరుసలో, ఎదురొచ్చే బస్సుకు భుజం తగిలేలా నడవాలి. మధ్యలో మూత లేని మ్యాన్‌హోలో, తిరగబడ్డ బండరాయో. చేతిలో చీరల సంచీ, పక్కన పిల్ల ఉన్న ఆడమనిషి ఆ దారిన రెండోసారి రాదు. కూతవేటు దూరంలో మెట్రో, రైల్వేస్టేషన్, లింగంపల్లి దాకా నడిచే ఎంఎంటీఎస్ ఉన్న బజారు ఊళ్లో మరెక్కడైనా ఉందా? 2018లో ఎల్బీనగర్ దాకా రైలు నడిచింది మొదలు ఈ బజారు గుమ్మంలోకే జనం వచ్చి దిగుతున్నారు. ఆ చివరి కిలోమీటరు చేతులారా పాడుచేసుకున్నాం. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. బజారుకు ఇంతకు మించిన గిరాకీ పథకం ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. మరి అబిడ్స్‌లో బస్సు ఎక్కడ ఆగుతోంది? బేలో బైకులూ ఆటోలూ ఉంటాయి కాబట్టి నడిరోడ్డు మీద.

బండ్లు రానివ్వకపోతే వ్యాపారం మునుగుతుందన్న భయం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. చెన్నై టీనగర్‌లోని పాండీ బజార్‌ను 2019 నవంబరులో నడిచేవాళ్ల వీధిగా మార్చి కాలిబాటలు వెడల్పు చేశారు. అది ఇప్పుడు చెన్నైలో చూడదగ్గ చోటైంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021 నుంచి పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు బండ్లకు ప్రవేశం లేదు. అయితే కాపలా సడలినప్పుడల్లా అక్కడ బండ్లు తిరిగొచ్చాయన్నదీ నిజం. మన దగ్గర 2022 అక్టోబరులో రోడ్డుకు అడ్డంగా నిలిపిన బండ్లను, ఆక్రమణలను తొలగించడానికి నగర పోలీసులు మొదలుపెట్టిన ఆపరేషన్ రోప్ కూడా నేర్పింది అదే. క్రేన్ కనబడినన్ని రోజులు రోడ్డు ఖాళీ, క్రేన్ వెళ్లగానే మామూలే. అప్పుడప్పుడు జరిమానా కట్టడం వ్యాపారికి ఖర్చుల్లో ఒకటి. రోజూ గంటగంటకూ రుసుమంటే బండి ఇంట్లోనే పెట్టి వస్తాడు.

ట్రూప్ బజార్‌లో కమోడ్ కొన్నవాళ్లను మెట్రోలో మోసుకుపొమ్మని ఎవరూ అనరు. పొద్దున పదింటి లోపు, రాత్రి తొమ్మిది తరవాత సరుకు దించే ట్రాలీలకు వీధి తెరవాలి. పగటిపూట ఒక్కో సందు మొగలో రెండు మూడు లోడింగ్ చోట్లు ఉంచాలి. వికలాంగులకూ, నిలోఫర్ ఆస్పత్రికి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకూ రుసుము ఉండకూడదు. మాల్స్‌లో మొదటి అరగంట ఉచితమని, గంట దాకా ఏదైనా బిల్లు చూపితే చాలని 2018లో ప్రభుత్వం జీవో ఇచ్చింది. అదే వెసులుబాటు బజారుకూ ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు. అరగంటలో పని చూసుకుని పోయేవాడు ఎవరికీ అడ్డం కాడు. పది గంటలు నిలిపేవాడితోనే పేచీ.

ఆదివారం సంగతి వేరే చెప్పాలి. ట్యాంక్‌బండ్ మీద 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేస్తే ఊరంతా అక్కడే కనబడింది. అక్టోబరులో చార్మినార్ దగ్గరా అదే చేశారు. తరవాత ఆ ఊపు నిలవలేదు. అబిడ్స్‌లో సగం దుకాణాలు మూసి ఉండే ఆదివారం అంతకన్నా సులువు. జనాన్ని రప్పించే సరుకు ఫుట్‌పాత్ మీద ముందే పరిచి ఉంది. పాత పుస్తకాలు అమ్మేవాళ్లకు గుర్తింపు కార్డులిచ్చి, ఎండకు నీడ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఏర్పాటు చేసి, ఆ ఒక్క రోజు జీపీఓ ముందు రోడ్డు వాళ్లకు వదిలేయాలి. పుస్తకానికి వచ్చినవాడు టీ తాగుతాడు, ఆకలేస్తే దోసె తింటాడు. అది చూస్తే మూసిన షట్టర్లలో కొన్నయినా లేస్తాయి.

ఫుట్‌పాత్ జీహెచ్‌ఎంసీది, రోడ్డు మీద బండ్లు ట్రాఫిక్ పోలీసులవి, బస్టాప్ ఆర్టీసీ చూసుకోవాలి, స్టేషన్ మెట్రోది, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థది. అబిడ్స్ ఎవరిదంటే ఎవరిదీ కాదు. ఈ అయిదు శాఖల మీదా మాట చెల్లే అధికారిని ఒకరిని ప్రభుత్వం వెంటనే నియమించి, నాంపల్లి మెట్రో నుంచి జీపీఓ దాకా ఉన్న కిలోమీటరును ఆరు నెలల్లో నడిచేలా చేసే బాధ్యత అప్పగించాలి. రుసుము వసూలు మొదలయ్యే రోజుకే కనీసం ఒక పక్క ఫుట్‌పాత్ తయారై ఉండాలి. లేకపోతే జనం దీన్ని ఇంకో పన్ను అనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పూ లేదు. ఎంత వసూలైందీ, దేనికి ఖర్చయిందీ నెలనెలా జీపీఓ ఎదుట బోర్డు మీద రాయాలి. లెక్క చూపని నెల వసూలు ఆపేయాలి.