భూగర్భ శాస్త్రం – స్వచ్ఛ శక్తి

ప్రాచీనులు భూమికి అనేక నామాలను కల్పించారు. సంపదను ధరించేది కనుక ‘వసుంధర’ అన్నారు. సమస్తాన్ని ఓర్చుకొనేది కనుక ‘సర్వంసహ’ అన్నారు. ఆధునిక మానవుడు మొదటి పేరును ఆశతో అందిపుచ్చుకొని, రెండవ పేరును అలుసుగా తీసుకున్నాడు. బొగ్గును, చమురును మితిమీరి మండించిన ఫలితంగా వాతావరణం వేడెక్కుతున్నది. అందుచేత ప్రపంచం సూర్యరశ్మి, గాలి వంటి స్వచ్ఛ శక్తి వనరుల వైపు మరలుతున్నది. బొగ్గుతోపాటే భూగర్భ శాస్త్రానికీ కాలం చెల్లుతుందని కొందరి భావన. అది అపోహ.

బొగ్గును వెదకి ఇచ్చినది ఈ శాస్త్రమే. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో ఆవిర్భవించినది ప్రధానంగా బొగ్గు అన్వేషణ కోసమే. ఆ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. సింగరేణి గనుల చరిత్రకు అదే నాంది. ఆ గోదావరి లోయలోనే మరొక శక్తి వనరు బయటపడింది. మణుగూరు ప్రాంతంలోని పగిడేరు వద్ద భూగర్భం నుండి వేడినీరు ఉబికి వస్తుంది. ఆ వేడితో విద్యుత్తును ఉత్పత్తి చేయడానికి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పారు. దాని సామర్థ్యం స్వల్పమే. కాని ఆ వేడి ఎంత లోతు నుండి వస్తున్నదో, ఎంతకాలం లభిస్తుందో శిలల స్వభావం ఎరిగినవారే చెప్పగలరు.

విద్యుత్తును నిల్వచేసే బ్యాటరీలకు లిథియం అవసరం. జమ్మూ కాశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం ఖనిజ వనరులు ఉండవచ్చునని 2023లో ప్రకటించారు. అది ప్రాథమిక అంచనా మాత్రమే. పైగా హిమాలయ ప్రాంతం భూకంపాలకు, కొండచరియలు విరిగిపడే ప్రమాదానికి ఆలవాలం. ప్రకటన వినగానే సంపద చేజిక్కినట్లు సంబరపడటం వివేకం అనిపించుకోదు.

వెలువడిన బొగ్గుపులుసు వాయువును తిరిగి భూమికే అప్పగించే మార్గం కూడా ఉన్నది. ఐస్‌లాండ్ శాస్త్రజ్ఞులు 2012లో ఆ వాయువును నీటిలో కరిగించి బసాల్టు శిలల లోనికి పంపారు. రెండేండ్ల లోపే అందులో 95 శాతానికి పైగా ఖనిజరూపం దాల్చినదని 2016లో వెల్లడించారు. దక్కను పీఠభూమిలో, పశ్చిమ తెలంగాణ వరకు, బసాల్టు శిలలు విస్తరించి ఉన్నాయి. అయితే ఈ పద్ధతికి నీరు సమృద్ధిగా కావాలి. నీటికి కటకటలాడే నేలపై దానిని గుడ్డిగా అనుకరించరాదు.

ఖనిజం ఎక్కడున్నదో చూపడంతో శాస్త్రజ్ఞుని ధర్మం పూర్తికాదు. ఎక్కడ తవ్వరాదో, ఎంతవరకు తవ్వవచ్చునో చెప్పడం అంతకంటె గురుతరమైన ధర్మం. గనుల కోసం ఊళ్లు ఖాళీచేసినవారి కష్టం, కొండలుగా పేరుకొన్న మట్టిదిబ్బల దృశ్యం బొగ్గు యుగం మిగిల్చిన పాఠాలు. స్వచ్ఛమని పేరుపెట్టినంత మాత్రాన ఏ శక్తీ స్వచ్ఛం కాదు. దానికోసం తవ్విన నేలను, అక్కడి ప్రజలను కాపాడినప్పుడే ఆ పేరు సార్థకమవుతుంది. రాళ్ల భాష తెలిసి, ప్రజల బాధ ఎరిగిన యువ శాస్త్రజ్ఞుల అవసరం నేడు ఎంతైనా ఉన్నది. ఓర్చుకొనే నేలకూ ఒక హద్దు ఉంటుందని లోకానికి తెలియజెప్పవలసినది వారే.