ముందుగా లెక్క అడగండి



క్రిందటి వర్షాకాలంలో చర్ల వైపు నుండి ఒక సహోదరుడు జ్వరంతో ఉన్న కుమారుణ్ణి ఖమ్మం తీసుకొచ్చాడు. ఊరి ఆర్‌ఎంపీ చెప్పిన ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. ఎంతవుతుందని అడిగితే, "ముందు పదివేలు కట్టండి, తరువాత చూద్దాం" అన్నారట. ఆరు రోజులకు బిల్లు ఎనభై వేలు దాటింది. బిడ్డ బ్రతికాడు, దేవునికి స్తోత్రం. కాని ఎడ్ల జత పోయింది. "ముందే చెప్పి ఉంటే భద్రాచలం ఏరియా ఆసుపత్రికే తీసికెళ్ళేవాణ్ణి అయ్యగారూ" అన్నాడాయన. ఆ మాట నన్ను విడువలేదు.

మిర్చి యార్డులో క్వింటాలు ధర తెలియనిదే బేరానికి ఒప్పుకోని మనం, ఆసుపత్రి మెట్లెక్కేసరికి నోరు మెదపము. డాక్టరుగారికి కోపం వస్తుందేమో, బిడ్డకంటె డబ్బు ఎక్కువా అంటారేమో అని బిడియం. లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టబోయేవాని సంగతి మీకు తెలిసిందే. లెక్క చూచుకొనుట ప్రేమలేనితనమని అక్కడ ఎవరూ అనలేదు.

అడగడం మన హక్కు కూడాను. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం క్రింద 2012లో చేసిన నియమాల ప్రకారం, ప్రతి ఆసుపత్రి తన రేట్లను ప్రజలకు కనబడేచోట స్థానిక భాషలోను, ఇంగ్లీషులోను పెట్టాలి. చికిత్సకు ఎంత ఖర్చు కావచ్చునో రోగికి తెలియజేయాలనీ, ప్రతి పద్దు విడివిడిగా చూపిన బిల్లు ఇవ్వాలనీ 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రం చెబుతున్నది. మృతదేహాన్ని ఏ కారణంతోను ఆపకూడదని కూడా అందులో ఉంది.

డాక్టరుగారు రూపాయితో సహా చెప్పలేరు, అది న్యాయమే. జ్వరం ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు? కనుక రెండు అంకెలు అడగండి: అంతా బాగా జరిగితే ఎంత, ఐసీయూలోకి మార్చవలసివస్తే ఎంత? గది అద్దె, పరీక్షలు, మందులు, డాక్టరు ఫీజు అందులో కలిశాయా? ఎక్కువగా మోసపోయేది ఈ చివరి ప్రశ్న అడగకనే. "ముప్పై వేలు" అన్నది ఒక్కోసారి ఆపరేషను ఫీజు మాత్రమే.

ఆరోగ్యశ్రీ ఉందిగా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. అయితే అది జాబితాలో ఉన్న చికిత్సలకు, ఆ పథకంలో చేరిన ఆసుపత్రులలోనే. చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి. జాబితాలో లేకపోతే ఖర్చంతా మనమీదే.

పాము కరిస్తే, కాన్పు కష్టమైతే మాత్రం లెక్కల కోసం ఒక్క నిమిషం ఆగకండి, 108కి ఫోను చేయండి. అత్యవసరంలో ప్రాణం కాపాడటం ప్రతి డాక్టరు విధి అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

మిగతా వేళల్లో, సంఘంలో చదువుకున్న యౌవనస్థుణ్ణి ఒకణ్ణి తోడు తీసికెళ్ళండి. చెప్పిన అంకెలు కాగితం మీద వ్రాయించి, ఆసుపత్రి ముద్ర వేయించుకొని, రేషను కార్డుతోపాటు భద్రపరచండి. బిల్లు ఆ అంకె దాటితే, ఆ కాగితం ముందుపెట్టి ఎందుకు దాటిందో అడగవచ్చు.