చవక భోజనం వెనుక ఏముంది?

'బయట తిండి' అన్న మాట మన ఇళ్ళలో తరచు రెండు అర్థాలతో వినిపిస్తుంది. డబ్బు ఎక్కువై సరదాకు తినేది ఒకటి. ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేక తినేది మరొకటి. రెండింటిలోనూ ఎంతో కొంత చిన్నచూపు ఉంది. కాని మీ చుట్టూ ఒకసారి చూడండి. తెల్లవారకముందే పనికి బయలుదేరే తాపీమేస్త్రి, రాత్రంతా మేలుకొని ఉండే కాపలాదారు, ఆసుపత్రిలో రోగికి తోడుగా వచ్చిన మనిషి, పరీక్ష రాయడానికి పక్క ఊరు వెళ్ళిన మీవంటి విద్యార్థి - వీళ్ళందరి ఆకలి తీరేది ఎక్కడ? దారి పక్క టిఫిను బండి దగ్గర, నాలుగు బల్లలున్న కాకా హోటల్లో.

ఇది కొత్త సంగతి కాదు. పూర్వం మన ఊళ్ళలో పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. పూటకు ఇంత అని డబ్బు తీసుకొని బాటసారులకు అన్నం పెట్టేవారు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' నాటకంలో పూటకూళ్ళమ్మ ఒక పాత్ర. అన్నం పెట్టే మనిషి కావాలి, ఆ మనిషంటే మాత్రం చులకన. ఈ రెండూ పక్కపక్కనే ఉండడం మనం చాలాకాలంగా చూస్తున్నదే.

చిన్న హోటలు పట్ల మన వైఖరి మారాలని నా అభిప్రాయం. అక్కడ పనిచేసేవాళ్ళను గౌరవించడం నేర్చుకోవాలి. దానితోపాటు అక్కడి తక్కువ ధర ఎలా సాధ్యమవుతోందో అడగడం కూడా నేర్చుకోవాలి. ఈ విషయం తేటపడడానికి ముందుగా జపాను దేశంలోని చిన్న హోటళ్ళను ఉదాహరణగా తీసుకుందాం. తరువాత మన ఊరికి వద్దాం.

పేదల తిండి దేశమంతటి వంటకమైన తీరు

రామెన్ అనేది జపానులో అన్ని వర్గాలవారూ తినే వంటకం. గోధుమపిండితో చేసిన నూడుల్సును వేడివేడి సూపులో వేసి పెద్ద గిన్నెతో ఇస్తారు. ఆ సూపు కోసం పంది ఎముకలనో, కోడి ఎముకలనో, ఎండుచేపలనో గంటల తరబడి మరిగిస్తారు. మీలో మాంసం తిననివాళ్ళు ఉండవచ్చు. ఇక్కడ మనం చూడవలసింది ఆ హోటలు నడిచే తీరును మాత్రమే.

రామెన్ జపానుకు చైనా నుంచి వచ్చింది. చాలాకాలం అక్కడివారు దాన్ని 'చైనా నూడుల్సు' అని అర్థం వచ్చే పేరుతోనే పిలిచారు. 1910లో టోక్యో నగరంలోని అసాకుసాలో 'రైరైకెన్' అనే హోటలు వెలిసింది. యజమాని జపానీయుడు. వంటవాళ్ళు యోకొహామా నుంచి పిలిపించిన చైనావాళ్ళు. 1945లో రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి జపానులో తీవ్రమైన ఆహారపు కొరత ఏర్పడింది. బియ్యం దొరకడం కష్టమైంది. ఆ తరువాతి సంవత్సరాలలో అమెరికా గోధుమలు వచ్చాయి. ఆ పిండితో నూడుల్సు చేసి అమ్మే తోపుడు బళ్ళు వీధుల్లో నిలబడ్డాయి. ఆకలితో ఉన్న జనానికి కడుపు నింపిన తిండి అది.

నిప్పుల మీద మాంసం కాల్చుకొని తినే 'యాకినికు' హోటళ్ళ కథ కూడా ఇటువంటిదే. యుద్ధం తరువాత వీటిని వ్యాప్తిలోకి తెచ్చినవారిలో జపానులో నివసించే కొరియావాళ్ళు ముఖ్యులు. ఇతరులు అంతగా ఇష్టపడని పేగులు మొదలైన భాగాలను కూడా వాళ్ళు రుచిగా కాల్చి అమ్మారు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ బల్ల మధ్యనున్న పొయ్యి చుట్టూ కూర్చొని తినే భోజనాల్లో అది ఒకటి. మన హైదరాబాదు హలీం సంగతి చూడండి. నిజాముల కాలంలో అరబ్బుల ద్వారా వచ్చిన ఆ వంటకానికి 2010లో హైదరాబాదు పేరు మీదనే భౌగోళిక గుర్తింపు లభించింది. పరాయివాడి తిండి అనీ, పేదవాడి తిండి అనీ ఒకనాడు అనుకున్నది మరొకనాడు అందరి తిండి కావచ్చు.

రామెన్ హోటళ్ళలో పనిచేసేవాళ్ళ చరిత్ర కూడా మనం తెలుసుకోదగినది. కజువో యమగిషి అనే ఆయన చిన్న వయసులోనే టోక్యోలోని ఒక రామెన్ హోటల్లో పనికి చేరాడు. పని మధ్యలో అక్కడివాళ్ళు మిగిలిన నూడుల్సును విడిగా ఉంచుకొని సూపులో ముంచుకొని తినేవారు. అది చూసిన కొందరు తమకూ అలా పెట్టమని అడిగారు. యమగిషి దాన్ని మెరుగుపరచి 1955లో హోటలు పట్టికలో చేర్చాడు. 'త్సుకెమెన్' అనే పేరుతో ఇప్పుడది జపాను అంతటా దొరుకుతుంది. ఆయన ఎందరో శిష్యులకు పని నేర్పి, సొంత హోటళ్ళు పెట్టుకోనిచ్చాడు. 2015లో ఆయన చనిపోయాడు. పనివాళ్ళు తమ కోసం చేసుకున్న తిండి ఒక దేశానికి ఇష్టమైన వంటకమైంది.

ధర తగ్గించే పద్ధతి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత శ్రమతో చేసే వంటకాన్ని సామాన్యుడు కొనగలిగే ధరకు ఎలా ఇస్తున్నారు?

చాలా రామెన్ హోటళ్ళలో పది పన్నెండు కుర్చీలకు మించి ఉండవు. వంటవాడికి ఎదురుగా పొడవైన గట్టు, దాని ముందు కుర్చీలు. పట్టికలో నాలుగైదు రకాలే. తలుపు దగ్గర ఒక యంత్రం ఉంటుంది. అందులో డబ్బు వేసి బొత్తాము నొక్కితే చీటీ వస్తుంది. చీటీ ఇస్తే గిన్నె వస్తుంది. కాబట్టి డబ్బు లెక్క చూడడానికి వేరే మనిషి అక్కరలేదు. తిన్నవారు చాలాచోట్ల గిన్నెను తామే గట్టు మీద పెట్టి, బల్ల తుడిచి వెళతారు. బయట జనం ఎదురుచూస్తుంటారు కనుక తినడం పూర్తికాగానే లేచిపోతారు. అందువల్ల ఒక్క కుర్చీ రోజుకు ఎందరికో పనికివస్తుంది.

గమనించారా? అక్కడ ధర తగ్గడానికి కొంత కారణం ఏర్పాటు, కొంత కారణం తినేవాడి సహకారం. పిల్లల చేత చాకిరి చేయించి తగ్గించిన ధర కాదు. అక్కడ 1947లో వచ్చిన కార్మిక చట్టం, 15 ఏళ్ళు నిండిన తరువాత వచ్చే మార్చి 31 వరకు పిల్లలను హోటలు పనిలో పెట్టుకోనివ్వదు.

అక్కడ అంతా బాగుందని నేను చెప్పడం లేదు. రామెన్ హోటలు యజమానులు తెల్లవారి లేచి అర్ధరాత్రి దాకా నిలబడతారు. పిండి ధర, గ్యాసు ధర పెరిగినా గిన్నె ధర వెయ్యి యెన్లు దాటితే జనం రారని భయపడతారు. దీన్ని అక్కడ 'వెయ్యి యెన్ల గోడ' అంటారు. ఎంతో చవకగా ఉండాలన్న కోరిక అక్కడ కూడా ఎవరో ఒకరి నడుము మీద పడుతోంది.

మన ఊరి హోటలు

మన చిన్న హోటళ్ళలో ఈ బరువు చాలాకాలం పిల్లల మీద పడింది. టీ గ్లాసులు మోసేది, బల్లలు తుడిచేది, ఎంగిలి ప్లేట్లు కడిగేది బడికి వెళ్ళవలసిన పిల్లవాడే. అతనికి పేరు ఉండదు. అందరూ 'ఒరేయ్' అని పిలిచేవాళ్ళే. ఈ పుస్తకం చదువుతున్న మీలో కొందరికి ఆ పని స్వయంగా తెలిసి ఉండవచ్చు. చదువు ఆగిపోవడానికి అదే కారణమై ఉండవచ్చు.

2006 అక్టోబరు 10 నుంచి ధాబాలలో, హోటళ్ళలో, టీ దుకాణాలలో 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషిద్ధమైంది. 2016లో చట్టాన్ని సవరించి, ఆ వయసులోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. బడి వేళలు ముగిశాక సొంత కుటుంబపు పనిలో సాయపడడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. అయినా చట్టం తనంతట తాను బల్ల దగ్గరకు వచ్చి చూడదు. బల్ల ముందు కూర్చున్నవాళ్ళే చూడాలి.

"ధర పెరిగితే పేదవాడు ఏం తింటాడు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పేదవాడికి చవక భోజనం కావాలి. కాని ఆ చవకదనానికి మరో పేదవాడి కొడుకు చదువు మూల్యం కాకూడదు. ఖర్చు తగ్గించే దారులు వేరే ఉన్నాయి. పది రకాలకు బదులు మూడు రకాలు బాగా చేయడం, తిన్న ప్లేటును మనమే తీసి పెట్టడం, ముందే చీటీ తీసుకోవడం - ఇవి మన దగ్గరా సాధ్యమే. చీటీ తీసుకొని నిలబడి తినే టిఫిను సెంటర్లు మన పట్టణాలలో ఉండనే ఉన్నాయి.

మీరు చేయగలిగినవి

హోటలుకు వెళ్ళినప్పుడు బోర్డు ఎంత పెద్దదో చూడకండి. నీళ్ళు మూతపెట్టి ఉన్నాయా, నూనె నల్లబడిందా, వడ్డించే చేయి శుభ్రంగా ఉందా అని చూడండి. పనిచేసే మనిషిని పేరు అడిగి పిలవండి. పిల్లవాడు పనిచేస్తుంటే యజమానితో మాట్లాడండి. మాట వినకపోతే 1098 నంబరుకు ఫోను చేయండి.

మీరే ఒక బండి పెట్టుకోవాలని అనుకుంటున్నారా? అందులో చిన్నతనం ఏమీ లేదు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం పట్టణాలలో ఈ వృత్తికి రక్షణ కల్పించింది. చట్టం ప్రకారం ఏర్పడే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. ఆ కమిటీ కాగితాలు చదివి అర్థం చేసుకోవడానికి, అమ్మకపు ధ్రువపత్రం కోసం దరఖాస్తు రాసుకోవడానికి మీరు ఇప్పుడు నేర్చుకుంటున్న చదువు పనికివస్తుంది.

నా అభిప్రాయంతో మీరు ఏకీభవించకపోవచ్చు. అలాగైతే మీరు రోజూ తినే హోటల్లో ఇడ్లీ ప్లేటు ధరను తీసుకోండి. అందులో పప్పుకు, బియ్యానికి, గ్యాసుకు, అద్దెకు, పనివాడి కూలికి ఎంత పోతుందో అంచనా వేసి కాగితం మీద రాయండి. లెక్క కుదరకపోతే, ఆ తక్కువ పడిన డబ్బును ఎవరు భరిస్తున్నారో మీరే చెప్పండి.