కత్తెరే నయం

ఫోటో బాగా రాకపోతే ఇదివరకు మళ్ళీ తీయించుకునేవాళ్ళం. ఇప్పుడు ఫోటోలో ఉన్న మనిషినే మార్చేస్తున్నాం. రెంటికీ చాలా తేడా ఉందని నా గోల.

తెలియనివాళ్ళ కోసం ముందు ఏమేం వచ్చాయో చెప్తాను. ఫోటోషాప్ పుట్టింది 1990లో. చాలా ఏళ్ళపాటు అది స్టూడియోవాళ్ళ పనిముట్టు, పత్రికలవాళ్ళ పనిముట్టు. నేర్చుకోవడానికే నెలలు పట్టేది కాబట్టి మన ఇళ్ళ జోలికి రాలేదు. 2020 చివర్లో వచ్చిన వెర్షన్‌లో న్యూరల్ ఫిల్టర్స్ పెట్టారు. అందులో ఒక స్లైడర్ జరిపితే ముభావంగా ఉన్న మనిషి నవ్వుతుంది, ఇంకోటి జరిపితే వయసు తగ్గుతుంది, మరోటి జరిపితే కోపం వస్తుంది. 2023లో జెనరేటివ్ ఫిల్ వచ్చింది. ఫోటోలో ఒకచోట చుట్టూ గీత గీసి ఇక్కడ ఫలానాది కావాలని రాస్తే అది పుట్టుకొస్తుంది. ఏమీ రాయకపోతే అక్కడున్నది పోయి, వెనకాల గోడో చెట్టో దానంతటదే అల్లుకుంటుంది. అదే ఏడాది గూగుల్ పిక్సెల్ 8 ఫోన్‌లో బెస్ట్ టేక్ ఇచ్చారు. వరసగా తీసిన గ్రూప్ ఫోటోల్లోంచి ఒక్కొక్కరి మంచి ముఖం ఏరి ఒకే ఫోటోలో అతికిస్తుంది. వెనకాల మనుషుల్ని చెరిపేసే మ్యాజిక్ ఇరేజర్ అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది. ఇలాంటివి ఇప్పుడు చాలా ఫోన్లలో ఉన్నాయి. కూరలో ఉప్పు వేసినంత తేలిక.

సరే, చెరుపుతున్నాం. ఎవరిని చెరుపుతున్నామో గమనించారా?

పుట్టినరోజు ఫోటోలో వెనకాల ప్లేట్లు సర్దుతున్న పనమ్మాయిని. వంటింటి గుమ్మంలో కొంగుతో చెమట తుడుచుకుంటున్న పెద్దమ్మని. నైటీ మీద తువ్వాలు కప్పుకుని పాలగ్లాసుతో నిలబడ్డ అమ్మని. వీళ్ళంతా ‘అడ్డం’ పడినవాళ్ళు. వెనకాల ఉన్నవాళ్ళని తనే గుర్తుపట్టి తీసేయమంటారా అని అడిగే ఫోన్లు కూడా వచ్చాయి. ఆ వెనకాల మనిషి తెల్లారకుండా లేచి ఆ పండగని నిలబెట్టిందని ఫోన్‌కి ఏం తెలుసు? మనకి తెలియదా? రేపు మనవరాలు ఆ ఫోటో చూస్తే, ఆ ఇంట్లో గారెలు వాటంతటవే వేగేవనుకుంటుంది. ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్ళు ఫోటోల్లో పడేదే తక్కువ. పడిన ఆ ఒకటీ అరా కూడా మన చేతులతో మనమే తుడిచేస్తే ఎలాగండీ?

తెగిపోయిన సంబంధాల సంగతి ఇంకా ఘోరం. విడాకులయ్యాక పెళ్ళి ఫోటోల్లో అల్లుణ్ణి కత్తెరతో కోసి పారేసే ఇళ్ళున్నాయి. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ కత్తెరతో కోస్తే ఖాళీ మిగిలేది. పెళ్ళికూతురి భుజం మీద ఎవరివో నాలుగు వేళ్ళు మిగిలిపోయేవి. ఇక్కడ ఒక మనిషి ఉండేవాడనీ, ఎవరో తీసేశారనీ చూసినవాళ్ళందరికీ తెలిసేది. బిడ్డ పెద్దయ్యాక “అమ్మా, ఇక్కడెవరు?” అని అడగడానికి ఆ ఖాళీయే దారి. కొత్త టూల్ ఆ ఖాళీని మల్లెపూల పందిరితో నింపేస్తుంది. ఇక బిడ్డ ఏమని అడుగుతుంది? కత్తెరలో ఉన్నది కోపమే. ఇందులో ఉన్నది అబద్ధం. నన్నడిగితే కత్తెరే నయం.

ఇక రంగు. 1975 నుంచి మన అద్దాల ముందు తిష్ఠ వేసిన ఫెయిర్ అండ్ లవ్లీ, 2020లో తన పేరులోంచి ‘ఫెయిర్’ని తీసేసింది. అందరం సంతోషించాం. క్రీము డబ్బా మీద నుంచి దిగిన ఆ మాట ‘బ్యూటీ’ అని పేరు మార్చుకుని ఫోన్లో కాపురం పెట్టింది. సంబంధాలకి పంపే ఫోటోలో చామనచాయ పిల్లని రెండు వన్నెలు తేల్చి పంపుతున్నారు. తర్వాత పిల్లని నేరుగా చూసి అవతలివాళ్ళు ముఖాలు ముఖాలు చూసుకుంటే, ఆ అవమానం ఎవరు పడాలి? పిల్లే కదా. పైగా ఆ పని చేసింది బయటివాళ్ళు కాదు, కన్నతల్లే. నువ్వు ఉన్నట్టుగా నిన్ను చూపించలేమమ్మా అని చెప్పకనే చెప్పడం అది. నార్వేలో 2022 జులై నుంచి, ప్రకటనల్లో మనిషి ఒళ్ళో చర్మమో మార్చి చూపిస్తే ఆ సంగతి ఫోటో మీదే ముద్ర వేసి చెప్పాలి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, వ్యాపార ఫోటోల్లో మోడల్‌ని సన్నగానో లావుగానో దిద్దితే రాసి తీరాలి. అమ్ముకునేవాళ్ళకే అంత నియమం ఉంటే అమ్మకి ఉండక్కర్లేదా?

“మేమేమీ మోసం చెయ్యడం లేదు, కాస్త నవ్వు అతికించాం అంతే” అంటారు కొందరు. తిరుమల కళ్యాణకట్టలో మొదటిసారి గుండు చేయించుకునే పిల్లాడు నవ్వుతాడా? గుక్కపట్టి ఏడుస్తాడు. తాతయ్య పట్టుకోలేక అవస్థ పడుతుంటాడు, మేనమామ చాక్లెట్ చూపిస్తుంటాడు. ఆ రోజంటే అదే. అందరికీ ఒకేలాంటి నవ్వు అతికించిన ఫోటోలో చెప్పుకోవడానికి కథ ఏముంటుంది?

2024 మార్చిలో బ్రిటన్ యువరాణి కేథరిన్ పిల్లలతో ఉన్న ఫోటో ఒకటి అక్కడి మాతృదినోత్సవం నాడు విడుదలైంది. కూతురి స్వెటర్ చేతి అంచు అతకలేదని చూసి అసోసియేటెడ్ ప్రెస్, రాయిటర్స్ లాంటి వార్తాసంస్థలు దాన్ని వెనక్కి తీసుకున్నాయి. అప్పుడప్పుడూ ఎడిటింగ్ ప్రయత్నిస్తుంటానని ఆవిడ మర్నాడు క్షమాపణ చెప్పుకుంది. ఒక్క చేతి అంచు వల్ల ఫోటో మొత్తం మీద నమ్మకం పోయింది. మన ఆల్బమ్‌లని వెనక్కి తీసుకోవడానికి ఏ వార్తాసంస్థా రాదు. పిల్లలే ఒకరోజు పేజీలు తిప్పుతూ “ఇందులో ఏది నిజం?” అంటారు.

స్టూడియోవాళ్ళు టచప్ చెయ్యలేదా, తిరునాళ్ళలో అట్ట విమానంలో కూర్చుని దిగలేదా అని అడుగుతారు. దిగాం. నెగటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు దిద్దేవాళ్ళు, అదీ నిజమే. అయినా ఆ ఫోటో చూసి తాతగారు విమానమెక్కారని ఎవరూ మోసపోలేదు. అది అందరికీ తెలిసిన ఆట. అందులో కూర్చున్న మనిషి మాత్రం ఆ రోజు, ఆ ముఖంతో, అక్కడ కూర్చున్నవాడే.

టూల్స్ అన్నిటినీ గంపగుత్తగా తిట్టడం లేదు. చీకటిగా వస్తే వెలుతురు పెంచండి. అమ్మమ్మ పెళ్ళి ఫోటో బూజు పట్టి, మడతల దగ్గర పగిలిపోతే శుభ్రంగా బాగుచేయించండి. అది పాత చీరకి రఫ్ఫు చేయించినట్టు. పోయిన తండ్రిని కూతురి పెళ్ళి ఫోటోలో నిలబెట్టి ఇస్తున్నారు ఈమధ్య. అది చూసి ఆ పిల్ల కార్చే కన్నీళ్ళని వెక్కిరించేంత రాతిగుండె నాకు లేదు. గోడకి పెట్టుకోండి. కాకపోతే వెనకాల రెండు ముక్కలు రాయండి, ఇది తర్వాత కలిపి చేయించినదని. రాయకపోతే ఆ ఇంటి మునిమనవళ్ళకి ఆయన పోయిన సంవత్సరం కూడా తప్పుగానే తెలుస్తుంది.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. అసలు ఫోటోని ఎప్పుడూ పారేయకండి, మార్చినది వేరే కాపీగా ఉంచుకోండి. ఎవరి ముఖం మార్చాలన్నా వాళ్ళని అడగండి, పదేళ్ళ పిల్లనైనా సరే. పిల్లల ఒంటిరంగు జోలికి వెళ్ళకండి. వెనకాల ఎవరైనా ‘అడ్డం’ పడితే, చెరిపే ముందు ఒక్కసారి ఫోటో పెద్దది చేసి చూడండి. ఆ చేతిలో గరిటె ఉంటే ఆవిణ్ణి అక్కడే ఉండనివ్వండి.