క్రాసింగ్ తెలిసిన చేతికి కాగితం ఏది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. ఈ మూడు పట్టణాల హైస్కూళ్లలో వ్యవసాయాన్ని కెరీర్ కోర్సుగా పెట్టాలని కొన్నాళ్లుగా కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు. లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు ఎప్పటిలాగే ఉంటాయి. వాటితోపాటు విత్తనం, నేల, నీళ్లు, మార్కెట్టు, యంత్రాలు. అకాడమీ అని పేరు పెట్టుకుంటారో, ఇంకేం పెట్టుకుంటారో మీ ఇష్టం. చెప్పిన ప్రతిసారీ తల్లిదండ్రుల నుంచి వచ్చే జవాబు మాత్రం ఒక్కటే.

"సార్, చేన్ల పని తప్పాలనే గదా బడికి తోలేది. మళ్ల బడిలనే చేన్ల పని నేర్పిస్తమంటరా?"

ఈ మాటను తీసిపారేయడానికి లేదు. నడిగడ్డలో అసలే లేదు.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతానికి చీరలతో పాటు ఇంకో పేరు కూడా ఉంది, సీడ్ పత్తి. దేశంలో చాలాచోట్ల రైతులు కొనే హైబ్రిడ్ పత్తి విత్తనాల ప్యాకెట్ వెనక ఇక్కడి ఆడవాళ్ల వేళ్లున్నాయి. ఆ పనిని మావాళ్లు క్రాసింగ్ అంటారు. ఆడ వరసల్లో రేపు విచ్చబోయే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకోవాలి. రేకుల్నీ పుప్పొడి తిత్తుల్నీ గోటితో ఒలిచేయాలి. మధ్యలో ఉన్న కీలాగ్రానికి మాత్రం గోరు తగలకూడదు. తెల్లారి దొరకాలి కాబట్టి దానికో గుర్తు తగిలించాలి. పొద్దున మగ వరసల నుంచి పువ్వు తెంపుకొచ్చి దాని పుప్పొడి రాయాలి. ఒక మగ పువ్వు నాలుగైదు ఆడ పూలకు సరిపోతుంది. మధ్యాహ్నం దాటితే ఆ రోజు పని పోయినట్టే. చేనంతా ఇదే పని, పూత ఉన్నన్నాళ్లూ రోజూ ఇదే పని.

ఇంతకీ ఈ పని ఎవరు చేశారు? 1990లలో, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఎక్కువగా పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు. వేళ్లు సన్నగా ఉంటాయన్నారు, పత్తిచెట్టు వాళ్ల ఎత్తే ఉంటుందన్నారు. అసలు కారణం కూలి తక్కువ కావడం. పైగా సీజన్ రాకముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ముట్టేది, బడి తెరిచినా పిల్ల చేనుకే పోయేది. దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు ఈ సంగతిని విదేశాల దాకా తీసుకెళ్లాయి. ఎం.వి. ఫౌండేషన్ లాంటి సంస్థలు పిల్లల్ని చేల నుంచి బడులకు మళ్లించడానికి ఏళ్ల తరబడి ఊరూరా తిరిగాయి. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అప్పట్లో క్రాసింగుకు వెళ్లి, ఇప్పుడు తల్లులైన వాళ్లు ఈ మూడు జిల్లాల్లో ఎంతోమంది. బడిలో వ్యవసాయం అంటే వాళ్ల ఒళ్లు జలదరించడంలో తప్పేముంది?

అయినా నేను పట్టు వదలడం లేదు. ఎందుకంటే ఆ అక్కల్నే ఒకమాట అడిగి చూశాను. మీరు క్రాస్ చేసిన చేను నుంచి వచ్చిన విత్తనంతో పండించిన పత్తిలో గింజలు తీసి, మళ్లీ ఏడు విత్తుకుంటే ఏమవుతుంది? "మంచిగ రాదు సార్" అన్నారు అందరూ. ఎందుకు రాదంటే ఒక్కరికీ తెలియదు. కంపెనీ ఏదో మందు కలుపుతుందని ఒకామె గట్టిగా నమ్ముతోంది. మందూ లేదు, మాయా లేదు. రెండు వేరువేరు రకాలను కలిపితే పుట్టిన మొదటి తరం ఏపుగా, ఒకేలా ఉంటుంది. దాని పిల్లల్లో తాతల గుణాలు తలా ఒకటిగా విడిపోతాయి. పదో తరగతిలో చదువుకునే మెండెల్ బఠాణీ పాఠం ఇదే. హైబ్రిడ్ పత్తిని వాణిజ్యపరంగా ప్రపంచంలో మొదట తెచ్చింది మనదేశమే. గుజరాత్‌లో సి.టి. పటేల్ తయారుచేసిన హెచ్-4, 1970లో వచ్చింది. చేత్తో క్రాస్ చేసే కూలీలు దొరికే దేశం కాబట్టే అది చేలలో నిలబడింది. ఇంత సైన్సు మన చేతుల మీదుగా పోతుంటే, చేతికి కూలి మిగిలింది, చదువు మిగల్లేదు. బడి చేయాల్సిన పని ఇక్కడే ఉందని నా వాదన. పిల్లకు మొగ్గ ఒలవడం నేర్పక్కర్లేదు. ఆ మొగ్గలో ఏముందో చెప్పాలి. విత్తన శుద్ధత పరీక్ష ఎలా చేస్తారో, పరీక్షలో పోయిందని లాటు వెనక్కి కొడితే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో, ఆర్గనైజరుతో రాసుకునే కాగితంలో ఏ వాక్యం దగ్గర ఆగి చదవాలో చెప్పాలి.

వనపర్తికి వస్తే అక్కడ పాఠ్యపుస్తకం పల్లికాయ. యాసంగిలో పల్లి మార్కెట్ యార్డుకు వెళ్లి చూడండి. వ్యాపారి గుప్పెడు కాయ తీసి, నలిపి, గింజ చూసి ధర చెబుతాడు. రైతు ఆయన ముఖం చూస్తూ నిలబడతాడు. ఆ గుప్పెట్లో ఉన్నది ఎనిమిదో తరగతి శాతాల లెక్క. 200 గ్రాముల కాయ ఒలిస్తే 140 గ్రాముల గింజ వచ్చిందనుకోండి, అవుటర్న్ 70 శాతం. ఇంట్లో ఒలిచి, తూచి, కాగితం మీద రాసుకుని వెళ్లిన రైతుకు బేరంలో కనీసం నోరు లేస్తుంది. ఇక తేమ సంగతి. సరిగా ఆరని కాయకు బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, దాణాలో కలిపిన పల్లిపిండి దగ్గర ఈ విషం దొరికింది. ఎగుమతికి వెళ్లిన పల్లీ వెనక్కి రావడానికి ఇప్పటికీ పెద్ద కారణం ఇదే. తేమ కొలిచే మనిషి, గ్రేడింగ్ చేసే మనిషి, ల్యాబులో నమూనా చూసే మనిషి, ఇవన్నీ నెల జీతం వచ్చే పనులే. ఎద్దుల వెనక నడిచే పనులు కావు.

ఇదే వనపర్తిలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు, అదీ సంస్థానం రాజభవనంలో. ఎండిన పాలమూరు నుంచి ఎందరో పిల్లలు అక్కడ డిప్లొమా చేసి ఇంజనీరింగ్ కొలువుల్లో చేరారు. యంత్రానికి దొరికిన మర్యాద పంటకు దొరకలేదు.

నాగర్‌కర్నూల్ వాళ్లకైతే అన్నీ పక్కనే ఉన్నాయి. పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, వ్యవసాయ కళాశాల ఉంది, పాలిటెక్నిక్ ఉంది, కృషి విజ్ఞాన కేంద్రమూ ఉంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాస్తే రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా చేయొచ్చు. దాంతో ఏఈవో ఉద్యోగానికి అర్హత వస్తుంది. సుమారు 5 వేల ఎకరాలకు ఒక క్లస్టరు చొప్పున రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు కదా, ఆ వేదికలో కూర్చునేది ఈ ఏఈవోనే. ఇంటర్ బైపీసీ చేసి ఎప్‌సెట్ రాస్తే బీఎస్సీ అగ్రికల్చర్. ఆడపిల్లల కోసం వనపర్తిలోనే 2022లో బీసీ గురుకులం వ్యవసాయ డిగ్రీ కాలేజీ వచ్చింది. మెట్లు ఇన్ని ఉన్నా, టౌన్లోని హైస్కూలు పిల్లకు మొదటి మెట్టు ఎక్కడుందో చూపించే మనిషి లేడు.

ఆ మెట్ల మీద ఒక తిరకాసు కూడా ఉంది. బీఎస్సీ సీట్లలో రైతు కోటా కావాలంటే ఎకరం భూమి ఒక్కటే చాలదు, కనీసం 4 ఏళ్లు మున్సిపాలిటీ కాని చోట చదివి ఉండాలి. ఒకప్పుడు ఆ నిబంధనకు అర్థం ఉంది. ఇవాళ పిల్లల చదువు కోసమే ధరూర్ నుంచో, పెబ్బేరు నుంచో టౌనుకు వచ్చి అద్దెకుంటున్న రైతులు ఎందరు! ఒకటో తరగతి నుంచి టౌన్లో చదివిన పిల్ల, వాళ్ల నాయిన మూడెకరాలు దున్నుతున్నా సరే, ఆ లెక్క ప్రకారం రైతు బిడ్డ కాదు. పట్టణ హైస్కూల్లో వ్యవసాయం పెట్టాలంటే ముందు ఈ వాక్యాన్ని సవరించాలి. నాలుగేళ్లు వ్యవసాయ కోర్సు చదివిన పిల్లలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇస్తే సరిపోతుంది.

బడిలో వ్యవసాయం కొత్త ఆలోచన కాదని చదువుకున్నవాళ్లు గుర్తుచేస్తారు. నిజమే. 1952-53లో మొదలియార్ కమిషన్ బహుళార్థసాధక పాఠశాలల్లో వ్యవసాయాన్ని ఒక శాఖగా పెట్టమంది. పదేళ్లు దాటాక కొఠారీ కమిషన్ వచ్చి, చిన్న తరగతుల్లో సేద్యం నేర్పే ప్రయత్నాలు ఫలించలేదు, ఆపండి, పాలిటెక్నిక్‌లు పెట్టండి అంది. కొఠారీ గారి మాటే నాకు సగం సబబుగా తోస్తుంది. సేద్యం చేయడం నేర్పాలంటే బడి కన్నా ఇంట్లో తాతే మేలు. కానీ 1966 నాటికి సీడ్ పత్తీ లేదు, డ్రిప్పూ లేదు, డ్రోనూ లేదు. ఇప్పుడు చేనుకూ పళ్లేనికీ మధ్య చాలా కొలువులు పుట్టాయి.

నగరంలో వ్యవసాయ బడి నడుస్తుందా అంటే షికాగోలో నడుస్తోంది. 1985లో ఊళ్లో మిగిలిన ఆఖరి వ్యవసాయ క్షేత్రం, 72 ఎకరాలు, ఇళ్ల స్థలాలుగా పోకుండా హైస్కూలుకు దక్కింది. అపార్ట్‌మెంట్ల పిల్లలు అక్కడికొచ్చి పశువులు, తోటలు, ఆహార శాస్త్రం, వ్యవసాయ ఆర్థికం చదువుతారు. మనకు 72 ఎకరాలు అక్కర్లేదు, ఎకరం లేకపోయినా పర్వాలేదు. జూరాల కాలువ, మార్కెట్ యార్డు, పాలెం ల్యాబు ఉన్నాయి. బస్సు కావాలి, అంతే.

తల్లులకు మాత్రం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. 2016 చట్ట సవరణ 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టొద్దంటుంది. మన కోర్సు ఇంకో అడుగు ముందుండాలి. ఏ వయసు పిల్లనైనా పరాయి చేనులో పనికి పంపకూడదు, మందు డబ్బా ముట్టుకోనివ్వకూడదు, ప్రాక్టికల్ పేరుతో ఆగస్టు, సెప్టెంబరుల్లో సీడ్ చేలకు గుంపుగా తోలకూడదు. బడి తోటలో పండింది మధ్యాహ్న భోజనానికే. ఇంకో మాట, వారానికో రోజు క్రాసింగ్ తెలిసిన అక్కను గౌరవ వేతనమిచ్చి క్లాసుకు పిలవాలి. చిన్నప్పుడు ఆ పనే ఆమెను బడికి దూరం చేసింది. ఆమె మొగ్గ ఒలిచి చూపిస్తుంటే సైన్సు టీచర్ పక్కన నిలబడి భాగాల పేర్లు చెబుతారు. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు.

జీవో వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. జూన్‌లో బడులు తెరిచేసరికి మృగశిర కార్తె. తొమ్మిదో తరగతి పిల్లలు ఇంటి నుంచి తలా గుప్పెడు విత్తనం తేవాలి. కందులో, జొన్నలో, ఏవైనా. 100 గింజలు లెక్కపెట్టి తడి గోనె మీద వరసగా పరిచి, చుట్టి, నీడన పెట్టాలి. వారం పది రోజుల్లో మొలకలు లెక్కపెట్టి, ఆ అంకె ఒక చీటీ మీద రాసి, బడి ముద్ర వేసి ఇంటికి పంపాలి. విత్తాలా, వేరే విత్తనం చూసుకోవాలా అని ఆ చీటీ చూసి నాయిన తేల్చుకుంటాడు.