గృహయంత్ర విచారము: నిలిచినను పరుగు మానని ఇంజను

వంటయింట నుండు స్త్రీకి చెవియే సగము కన్ను. పాలు పొంగనున్నవనియు, కుక్కరులో నీరు చాలలేదనియు, మిక్సీలో నేదో గట్టిది పడినదనియు చూడకయే చెప్పగలము. కాని వాకిట నిలిపిన మోటారు సైకిలు విషయమున మాత్రము, ‘అది మగవారి పని’ యని మన చెవులను మనమే మూసికొందుము. ఆ యలవాటువలన మా యింట రెండు నెలలపాటు కలిగిన చిక్కును, అది తీరిన విధమును ఈ నెల సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా కాపురము దిల్‌సుఖ్‌నగరులో. మా అత్తగారు ఎల్.బి.నగరులో మా మరిదిగారి యింట నున్నారు. వారికి మందులు, పథ్యపు వంటకములు తీసికొని వారమునకు రెండు మూడు మారులు మా కుమారుని బండి వెనుక కూర్చుండి పోవుచుందుము. చైతన్యపురి, కొత్తపేట, విక్టోరియా మెమోరియల్ మీదుగా విజయవాడకు పోవు రహదారియే మా దారి. 2018 సెప్టెంబరు 24వ తేదీనుండి ఆ దారి నెత్తిమీదుగా ఎల్.బి.నగరువరకు మెట్రో రైలు నడుచుచున్నది. ఐనను క్రింది రద్దీ తక్కువ కాదు. సాయంకాలము అచ్చట బండి నడుచు సేపుకంటె నిలుచు సేపే యెక్కువ యని తోచును. కావున ఇంజను నిలకడమీద నెట్లుండునో తెలియుటకు అంతకు మించిన పరీక్షాస్థలము లేదు.

మాది కార్బురేటరు గల పాతబండి. ఉదయము బాగుగనే బయలుదేరెడిది. కొత్తపేట దాటి ఇంజను వేడెక్కిన పిదప, అబ్బాయి యాక్సిలరేటరు వదలినను ఇంజను అరపు తగ్గెడిది కాదు. వీధిచివర మెకానిక్కునకు చూపగా, ఒక మరను త్రిప్పి, “స్లో తక్కువ చేసిన అక్కా, ఇగ ఫికర్ లేదు” అనెను. ఆ సాయంత్రము ఇంజను నెమ్మదించెను. మరునాటి ఉదయము చల్లగా నున్న ఇంజను దిల్‌సుఖ్‌నగరు కూడలిలో మలుపు నడుమ ఆగిపోయెను. వెనుకనే వచ్చుచున్న సిటీబస్సు డ్రైవరు బ్రేకు వేయగల్గెను గనుక ఈ వ్యాసము వ్రాయగల్గుచున్నాము. మరల మెకానిక్కు వద్దకు పోగా అదే మరను ఎదురుగా త్రిప్పెను. రెండు దినముల పిమ్మట సిగ్నలువద్ద మొదటి గేరు వేసినంతనే బండి ముందునకు దుమికి, ఒక జామపండ్ల తోపుడుబండికి తగిలెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. దొర్లిన పండ్లకు వెల యిచ్చి, ఆ ముసలామెకు క్షమాపణ చెప్పుకొంటిమి. నాటి రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు మాకొక సంగతి తోచినది. దీపము రెపరెపలాడినచో వత్తిని సవరించుటకు ముందు తెరచియున్న కిటికీని చూతుము గదా! మన బండికి వత్తిని రెండుమారులు సవరించిరి. కిటికీని ఎవరును చూడలేదు.

ఇంజను నిలకడమీద తిరుగు వేగమును ఐడ్లింగు అందురు. చిన్న మోటారు సైకిళ్లలో అది సామాన్యముగా నిమిషమునకు 1300 నుండి 1500 చుట్లవరకు నుండును. సరియైన సంఖ్య ఆయా బండితో నిచ్చు పుస్తకములో నుండును. యాక్సిలరేటరు వదలినప్పుడు కార్బురేటరులోని తలుపు దాదాపు మూసికొని, కొద్దిపాటి గాలిని మాత్రమే లోనికి విడుచును. దానికి తగిన కొద్ది పెట్రోలు కలియును. ఆ తలుపు పూర్తిగా మూసికొనకున్నను, తలుపునకు ఆవల వేరొక చోటినుండి దొంగగాలి చొచ్చినను ఇంజను వేగము హెచ్చును. కావున వెదకవలసినది రెండే: తలుపు ఏల మూసికొనలేదు? లేక, గాలి ఎచ్చటినుండి వచ్చుచున్నది?

మేము వెదకిన క్రమము నిట వ్రాయుచున్నాము. ముందుగా కొన్ని జాగ్రత్తలు. బండిని ఆరుబయట నిలుపవలెను. అపార్టుమెంటు సెల్లారువంటి మూసిన చోట ఇంజనును నడిపినచో వచ్చు పొగలోని కార్బన్ మొనాక్సైడు ప్రాణాపాయకరము. దానికి వాసన లేదు. సెంటరు స్టాండు వేసి, గేరు న్యూట్రలులో నుంచవలెను. చీరచెంగును, చున్నీని, జడను బిగించి కట్టుకొని, చక్రమునకు గొలుసునకు దూరముగా నుండవలెను. సైలెన్సరు తాకరాదు, పిల్లలను దాపునకు రానీయరాదు.

మొదటిది చోకు. ఉదయము లాగిన చోకును మరల మూయుట మరచినచో ఇంజను వేగము హెచ్చుగ నుండవచ్చును. మాది మూసియే యున్నది.

రెండవది యాక్సిలరేటరు తీగ. పిడిని త్రిప్పి వదలినచో టక్కున వెనుకకు రావలెను. తీగ బిగియుటకు ముందు పిడి కొంచెము వదులుగా తిరుగవలెను. పలు బండ్లలో ఆ వదులు 2 నుండి 6 మిల్లీమీటర్లుండును. పిమ్మట ఇంజను నడుచుచుండగా హ్యాండిలును ఎడమకు, కుడికి కడవరకు త్రిప్పి చూడవలెను. అట్లు త్రిప్పినప్పుడు అరపు హెచ్చినచో తీగ బిగువుగా నున్నదని, లేక దారితప్పి ఎచ్చటనో చిక్కుకొన్నదని యర్థము. ఈ పరీక్షకు పనిముట్టేదియు నక్కరలేదు. మా బండిలో మార్పేమియు లేదు.

మూడవది కార్బురేటరులోని తలుపు. దుమ్ము, జిడ్డు పట్టి అది నడుమ నిలిచిపోవచ్చును. మన దారుల దుమ్మునకు ఇది వింత కాదు. దీనిని విప్పి శుభ్రపరచుట మెకానిక్కు పని. కాని తలుపు అంటుకొన్న బండిలో పిడి త్రిప్పునపుడు పట్టినట్లుండుట కద్దు; మా బండిలో పిడి తేలికగ తిరుగుచుండెను.

నాలుగవది దొంగగాలి. కార్బురేటరునకును ఇంజనునకును నడుమ రబ్బరుతో గూడిన చిన్న జాయింటు కలదు. ఏండ్ల తరబడి వేడి తగిలి ఆ రబ్బరు గట్టిపడి చీలును. బిగింపు వదులైనను, లోపలి రబ్బరు వలయము పాడైనను గాలి చొచ్చును. మా బండి ఉదయము నెమ్మదిగను, వేడెక్కిన పిదప అల్లరిగను నుండుటకు ఇదియే కారణమని మా యనుమానము. వేడికి పగులు తెరచుకొనును, గాలి హెచ్చును. వేడిలో మరను తగ్గించినచో ఆ దొంగగాలిని లెక్కలో వేసికొని తగ్గించినట్లగును. మరునాడు చల్లబడి పగులు మూసికొనగా, చాలినంత గాలి లేక ఇంజను ఆగును. రెండు వంకరలకును మూలము ఒక్కటే.

పరీక్షించుటకు ఇస్త్రీ చేయునపుడు బట్టలపై నీరు చల్లు సీసాను తెచ్చితిమి. ఇంజను వేడెక్కి అరచుచుండగా ఆ రబ్బరు జాయింటుమీద మాత్రమే సన్నగా నీటితుంపరలు చల్లితిమి. వెంటనే అరపు ఒక్కక్షణము తగ్గి మరల హెచ్చెను. మూడుమారులు చల్లితిమి, మూడుమారులును అట్లే జరిగెను. నీరు పగులును కప్పినంతసేపు గాలి ఆగినదన్నమాట. ఇంజను ఆపి, చల్లారిన పిదప టార్చిలైటు వేసి చూడగా రబ్బరు అడుగుభాగమున వెండ్రుకవంటి పగులు కనబడినది. ఈ పరీక్షకు కొందరు పెట్రోలును వాడుదురు. అట్లు ఎన్నడును చేయరాదు. వేడి ఇంజనుమీద పెట్రోలు నిప్పంటుకొనును.

మరునాడు మెకానిక్కునకు పగులును చూపి, “తమ్ముడూ, మర ముట్టవద్దు; ముందు ఈ రబ్బరును మార్చుము” అంటిమి. అతడు వంగి చూచి, నవ్వి, “నిజమే అక్కా, నేను కింద చూడలే” అనెను. ఆ మాట ఒప్పుకొన్నందుకు అతనిమీద మాకు గౌరవమే హెచ్చినది. రబ్బరును, లోపలి వలయమును మార్చినాడు. అంతకుముందు రెండుమారులు మర త్రిప్పుటకు మేమిచ్చిన కూలికంటె వాని వెల తక్కువ. రెండుమారులు కదలిన మర గనుక, ఇంజను బాగుగా వేడెక్కిన పిదప పుస్తకములో చెప్పిన వేగమునకు దానిని సరిచేయించితిమి. ఆ క్రమము మరువరాదు: కారణము తీరిన పిమ్మటనే మర.

గేరులేని స్కూటరు నడుపు సోదరీమణులు మరింత జాగరూకలై యుండవలెను. అందులో క్లచ్చు ఇంజను వేగమునుబట్టి తనంతట పట్టుకొనును. ఐడ్లింగు హెచ్చినచో చేయి వదలినను బండి ముందునకు లాగును. ముందు పలకమీద బిడ్డను నిలుపుకొన్న తల్లికి ఇది చిన్న దోషము కాదు. అట్టి బండిని ఆ దినమే చూపించవలెను.

2020 ఏప్రిల్ 1వ తేదీన బి.ఎస్.6 నియమములు వచ్చిన పిదప తయారైన బండ్లలో సామాన్యముగా కార్బురేటరు లేదు. చిన్న కంప్యూటరు పెట్రోలును కొలిచి యిచ్చును. చల్లని ఇంజను మొదట కొంతసేపు వేగముగ తిరుగుట వానికి సహజము. వేడెక్కిన తరువాతను తగ్గకున్నను, హెచ్చరిక దీపము వెలుగుచున్నను మరలు త్రిప్పనీయక, కంప్యూటరు పరీక్ష చేయగల చోటికి తీసికొనిపోవలెను. గాలిదారిలోని మురికిగాని, దొంగగాలిగాని, కొలుచు పరికరమునందలి దోషముగాని కారణము కావచ్చును.

‘స్త్రీలకు యంత్రములతో నేమి పని?’ యని యడుగువారికి ఒక్కమాట. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీలో బెర్తా బెంజ్ అను నామె, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారుబండిలో ఇరువురు కుమారులను కూర్చుండబెట్టుకొని, మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి పోయెను. దారిలో ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీ పిన్నుతో దానిని శుభ్రపరచినదని ప్రసిద్ధి. టోపీ పిన్నుతో ఆమె చేసినదానిని ఇస్త్రీ సీసాతో మనము చేయలేమా?

ఇప్పుడు మా అత్తగారింటికి పోవు దారిలో సిగ్నలువద్ద ఇంజను పొయ్యిమీది అన్నమువలె మెల్లగా ఉడుకుచున్నట్లు వినబడును. ఆ శబ్దము మారిననాడు మా అబ్బాయికంటె ముందు మేమే పోల్చెదము. సోదరీమణులును తమ వాకిటి బండి చప్పుడును ఒక్కమారు శ్రద్ధగా వినవలెనని మా కోరిక.